పేజ్‌మేకర్ కోసం విండోస్, మిగతా పనులకు లినక్స్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నమోదు చేసుకున్నవారికి కొంత పొడిగింపు దొరికినా అది వాయిదాయే తప్ప పరిష్కారం కాదు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపుగా ఎనిమిదో తరానికి తగ్గకూడదు. అందువల్ల అంతకుముందు కొన్న ఆరో తరం, ఏడో తరం కంప్యూటర్లు ఎంత చక్కగా నడుస్తున్నా అధికారికంగా విండోస్ 10 దగ్గరే నిలిచిపోయాయి. మన పట్టణాల్లోని డీటీపీ సెంటర్లలో, చిన్న ప్రెస్సుల్లో, ఇంట్లోనే పుస్తకాలు కంపోజ్ చేసేవారి బల్లల మీద ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. వాటిలో తెలుగు టైపు చేసే అను స్క్రిప్ట్ మేనేజర్ ఉంటుంది, దానికి జతగా 2001లో వచ్చి ఆ తర్వాత మరో పెద్ద వెర్షన్‌కు నోచుకోని, పుస్తకాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 ఉంటుంది. ఎన్నో తెలుగు పుస్తకాల మూల ఫైళ్లు ఈ జంట చేతిలోనే ఉన్నాయి. ఆ ఫైళ్లను తెరవాలంటే, దిద్దాలంటే, మళ్లీ అచ్చుకు పంపాలంటే విండోస్ కావాలి. ఆ విండోస్‌తోనే ఇకమీదట ఇంటర్నెట్‌లోకి వెళ్లడం, బ్యాంకు లావాదేవీలు జరపడం మాత్రం క్షేమం కాదు.

నేను నా డెస్క్‌టాప్‌లో ఎంచుకున్న మార్గం, కంపోజింగ్ చేసే ఒక మిత్రుడికి ఏర్పాటు చేసి ఇచ్చిన మార్గం ఒక్కటే. విండోస్ 10ను అలాగే ఉంచి, దాని నెట్‌వర్క్ అడాప్టరును డిసేబుల్ చేసి, అను, పేజ్‌మేకర్ పనులకు మాత్రమే కేటాయించాము. దాని పక్కనే, విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే వ్యవస్థ అయిన లినక్స్‌లో ఒక రకం, లినక్స్ మింట్‌ను పెట్టి, మెయిళ్లు, బ్రౌజరు, యూనికోడ్ రాతపని, ప్రూఫుల పీడీఎఫ్‌లు అన్నిటినీ అందులోకి మార్చాము. వర్చువల్ మెషీన్‌లో విండోస్‌ను నడపవచ్చు కదా అని కొందరు అడుగుతారు. 16 జీబీ ర్యామ్ ఉన్నవారికి అది మంచి సలహాయే. కానీ 4 జీబీ ర్యామ్‌తో నడుస్తున్న పాత యంత్రంలో ఒక వ్యవస్థ లోపల మరొకదాన్ని నడిపితే రెండూ కుంటుతాయి. లినక్స్‌లోనే వైన్ అనే సాఫ్ట్‌వేరు సాయంతో విండోస్ సాఫ్ట్‌వేరును నడిపించే దారి కూడా ఉంది. అయితే కీబోర్డు మీద నొక్కిన ప్రతి మీటనూ మధ్యలో పట్టుకొని తెలుగు అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేరును, రేపు అచ్చుకు వెళ్లాల్సిన పుస్తకం చేతిలో ఉండగా, ఆ దారిన నడిపే ధైర్యం నాకు లేదు. రెంటినీ వేరువేరుగా బూట్ చేసుకోవడమే, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు ఏదో ఒకదాన్ని ఎంచుకోవడమే, ఇలాంటి కంప్యూటర్లకు సరైన ఏర్పాటని నా అభిప్రాయం.

ఈ పనిలో చాలామందిని భయపెట్టేది ఇన్‌స్టాల్ చేసే ఘట్టం. నిజానికి తెలుసుకోవలసింది దానికి ముందే ఉంది: పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి విండోస్ గుర్తు తెరమీద కనిపించే వరకు కంప్యూటర్‌లో ఏం జరుగుతుంది? అది స్పష్టంగా తెలిసినవారికి, ఎప్పుడైనా ఒక వ్యవస్థ కనిపించకుండా పోయినా, పోయింది దానికి దారి చూపే చిన్న నమోదు మాత్రమేననీ, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయనీ అర్థమవుతుంది. తెలియనివారు కంగారుపడి డిస్కును ఫార్మాట్ చేయించుకుంటారు. పనిచేస్తున్న డిస్కునే ఫార్మాట్ చేసి, పుస్తకాల ఫైళ్లన్నీ పోయాయని చేతులెత్తేసిన మరమ్మతు షాపుల సంగతి డీటీపీ వాళ్లలో చాలామందికి అనుభవమే. అందుకే ఈ భాగాన్ని కాస్త విస్తరించి రాస్తున్నాను.

పాత పద్ధతిలో మదర్‌బోర్డు మీద ఉండి కంప్యూటర్‌ను మొదట మేల్కొలిపే ప్రోగ్రాము, బయోస్‌కు ఫైళ్లు, ఫోల్డర్లు అన్న జ్ఞానమే లేదు. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, చదివి అందులో ఉన్న కోడుకు పగ్గాలు అప్పగించడం ఒక్కటే దానికి తెలుసు. ఆ సెక్టారునే ఎంబీఆర్ అంటారు. అందులో మొదటి 446 బైట్లు బూట్ కోడుకు, తరువాతి 64 బైట్లు డిస్కును విభజించిన భాగాలైన పార్టిషన్ల పట్టికకు, చివరి 2 బైట్లు ఇది బూట్ చేయదగిన సెక్టారు అని తెలిపే గుర్తుకు కేటాయించారు. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు పడతాయి కాబట్టి 64 బైట్లలో నాలుగే పడతాయి. ఎంబీఆర్ డిస్కులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి ఎందుకు కుదరవో, 2 టీబీలకు మించిన డిస్కును అది ఎందుకు పూర్తిగా వాడుకోలేదో ఈ ఇరుకును బట్టే తెలుస్తుంది. ఆ 446 బైట్ల చోటు ఒక్కరిదే. విండోస్ ఇన్‌స్టాల్ అయితే అక్కడ తన కోడు రాసుకుంటుంది. లినక్స్ వచ్చి తన బూట్‌లోడరును, అంటే వ్యవస్థను లేపే ప్రోగ్రాము గ్రబ్‌ను పెడితే విండోస్ కోడు చెరిగి గ్రబ్ కోడు చేరుతుంది. విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే గ్రబ్ చెరుగుతుంది. ముందు విండోస్, తరువాత లినక్స్ అని పెద్దలు చెబుతూ వచ్చిన క్రమానికి మూలం ఇదే: విండోస్ పక్కవాడిని పట్టించుకోదు, గ్రబ్ పట్టించుకొని మెనూలో చోటిస్తుంది.

446 బైట్లలో గ్రబ్ మొత్తం ఇమడదు. అందుకని అది తన మిగతా భాగాన్ని మొదటి సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ మధ్య ఖాళీగా ఉండే చోట దాచుకుంటుంది. అది అధికారికంగా ఎవరిదీ కాని స్థలం కావడం వల్ల, ఫ్లెక్స్‌నెట్ అనే లైసెన్సు వ్యవస్థను వాడే కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు కూడా తమ గుర్తులను అక్కడే రాసేవి. ఆ సాఫ్ట్‌వేరును తెరిచి మూసిన తరువాత మరుసటి బూట్‌లో గ్రబ్ పాడైపోయి ఉండేది. తరువాతి గ్రబ్ వెర్షన్లు అలాంటి సెక్టార్లను గుర్తించి వాటిని తప్పించుకోవడం నేర్చుకున్నాయి. గ్రాఫిక్ డిజైన్, కంపోజింగ్ సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఉండే పాత కంప్యూటర్లలో ఈ సమస్య నేటికీ తలెత్తే అవకాశం ఉంది కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

బయోస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చాక ఈ ఇరుకంతా పోయింది. ఇంటెల్ 1990లలో తన ఇటానియం యంత్రాల కోసం మొదలుపెట్టిన ఈఎఫ్ఐ, 2005లో యూఈఎఫ్ఐ ఫోరం చేతికి వచ్చి, విండోస్ 8 కాలానికి దాదాపు కొత్త కంప్యూటర్లన్నిటికీ చేరింది. యూఈఎఫ్ఐకి ఫైళ్లు చదవడం తెలుసు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఒక చిన్న పార్టిషన్ ఉంటుంది. దాన్ని ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డరు, దాని లోపల ఒక్కో వ్యవస్థకు ఒక్కో ఉపఫోల్డరు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ పేరుతో ఉన్న ఫోల్డరులో విండోస్ బూట్ మేనేజరు ఉంటే, ఉబుంటు పేరుతో ఉన్న ఫోల్డరులో గ్రబ్ ఉంటుంది. మింట్ లినక్స్‌లో మరో రకమైన ఉబుంటు ఆధారంగా తయారైనది కాబట్టి, మింట్ పెట్టుకున్నవారికి కూడా అక్కడ ఉబుంటు అనే పేరే కనిపిస్తుంది, కంగారుపడవలసిన పని లేదు. ఈ రెండూ ఒకదాన్నొకటి చెరుపుకోవు. వీటిలో ఏవి ఉన్నాయో, దేన్ని ముందు పిలవాలో తెలిపే జాబితా మాత్రం డిస్కులో కాక మదర్‌బోర్డు మీది చిన్న మెమరీలో ఉంటుంది. డిస్కు మీద కూడా జీపీటీ అనే కొత్త పట్టిక వచ్చి, మామూలుగా 128 పార్టిషన్ల వరకు వీలు కల్పించింది. విండోస్ పెద్ద అప్‌డేట్ తరువాతో, బయోస్ అప్‌డేట్ తరువాతో గ్రబ్ మెనూ మాయమై నేరుగా విండోస్ తెరుచుకుంటే, జరిగింది చాలాసార్లు ఇంతే: జాబితాలోని క్రమం మారింది. గ్రబ్ ఫైళ్లు ఫోల్డరులో ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి.

మీ కంప్యూటర్ ఏ పద్ధతిలో నడుస్తున్నదో తెలుసుకోవడానికి విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, బయోస్ మోడ్ అన్న వరుస చూడాలి. అక్కడ యూఈఎఫ్ఐ అనో, లెగసీ (పాత బయోస్ పద్ధతి) అనో ఉంటుంది. మదర్‌బోర్డుకు యూఈఎఫ్ఐ వచ్చినా, అసెంబుల్ చేసి ఇచ్చినవారు అలవాటు కొద్దీ లెగసీలో విండోస్ ఎక్కించిన యంత్రాలు మన దగ్గర చాలా ఉన్నాయి. విండోస్ ఏ పద్ధతిలో ఉన్నదో లినక్స్‌ను కూడా ఆ పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేయాలి. ఒకటి లెగసీలో, మరొకటి యూఈఎఫ్ఐలో ఉంటే గ్రబ్ మెనూ నుంచి రెండోదానికి వెళ్లే దారి ఉండదు. పెన్‌డ్రైవ్‌ను బూట్ చేసేటప్పుడు బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే, పేరుకు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నది ఒక పద్ధతి, లేనిది మరో పద్ధతి. ఇక్కడ తొందరపాటుగా ఏదో ఒకటి నొక్కడం వల్ల వచ్చే తిప్పలే ఎక్కువ. లెగసీలో ఉన్న విండోస్ 10ను యూఈఎఫ్ఐకి మార్చుకోవాలనుకునేవారికి 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టును మైక్రోసాఫ్టే ఇస్తున్నది. అది ఫైళ్లను కదపకుండా పట్టికను మార్చి, కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్‌ను సృష్టిస్తుంది. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదు, ముందుగా పరీక్ష మాత్రమే జరిపే ఆప్షన్‌తో ఒకసారి నడిపి చూడాలి, మార్పు పూర్తయ్యాక బయోస్ సెట్టింగుల్లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మనమే మార్చాలి.

ఇక విండోస్ వైపు ముందస్తు పనులు. ముఖ్యమైన ఫైళ్లను బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీలను తెరిచి చూసుకోవడం మొదటిది. ఫాంట్లను, అను ఇన్‌స్టాలేషన్ ఫైళ్లను, లైసెన్సు వివరాలను కూడా ఇందులో చేర్చాలి. పేజ్‌మేకర్ ఫైలు ఉండి ఫాంటు లేకపోతే పుస్తకం లేనట్టే. రెండోది ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపడం. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ఆగడం లేదు; వ్యవస్థ మూలభాగం స్థితిని డిస్కు మీద ఒక ఫైలులో భద్రపరచి, మరుసటిసారి అక్కడి నుంచే లేస్తుంది. దానివల్ల విండోస్ ఫైళ్లుండే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి పార్టిషన్ సగం తెరిచి ఉన్న స్థితిలోనే మిగిలిపోతుంది. లినక్స్ ఆ స్థితిని గుర్తించి, రాతకు అనుమతించకుండా చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది లోపం కాదు, రక్షణ. బలవంతంగా రాస్తే, విండోస్ లేచిన తరువాత తనకు గుర్తున్న పాత స్థితికీ డిస్కు మీది కొత్త స్థితికీ పొంతన కుదరక ఫైళ్లు పాడవుతాయి. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్లలో దీన్ని ఆపివేయవచ్చు. రీస్టార్ట్ నొక్కితే విండోస్ పూర్తిగానే మూసుకుంటుందన్నది గుర్తుంచుకోదగిన విషయం. ఆ రోజు ఫాస్ట్ స్టార్టప్ ఆపడం కుదరకపోతే షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ చేసి లినక్స్‌లోకి రావచ్చు.

డిస్కులోని సమాచారానికి తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ గురించి తప్పక చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యే లాప్‌టాప్‌లలో, ముఖ్యంగా విండోస్ 11లో, యజమానికి తెలియకుండానే డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. బూట్ అయ్యే క్రమంలో మార్పు కనిపించగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడున్నదో ముందే వెతికి, కాగితం మీద రాసుకొని, ఆ తరువాతే సెక్యూర్ బూట్‌నూ (సంతకం ఉన్న బూట్‌లోడర్లనే లేవనిచ్చే యూఈఎఫ్ఐ రక్షణ) పార్టిషన్లనూ ముట్టుకోవాలి. కీ దొరకకపోతే ఆ డిస్కులోని సమాచారాన్ని మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి ఇవ్వలేదు. డీటీపీ పనికి వాడే పాత డెస్క్‌టాప్‌లలో ఇది సాధారణంగా ఉండదు, అయినా చూసుకోవడానికి నిమిషం చాలు.

లినక్స్‌కు చోటు కల్పించడానికి విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవును కుదించడం మంచిది. తన పార్టిషన్‌ను తానే కుదించుకుంటే విండోస్‌కు అనుమానాలు ఉండవు. డ్రైవులో 100 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీ మాత్రమే కుదించగలనని అది చెప్పవచ్చు. పేజింగ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, ఎన్‌టీఎఫ్‌ఎస్ సొంత పట్టిక వంటి కదలని ఫైళ్లు డ్రైవు చివర ఉండటమే దీనికి కారణం. హైబర్నేషన్‌నూ, పేజింగ్ ఫైలునూ, సిస్టమ్ రీస్టోర్‌నూ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నిస్తే సాధారణంగా చోటు దొరుకుతుంది. మింట్‌కు 20 జీబీ, ఉబుంటుకు 25 జీబీ కనీసం అంటారు గానీ, నిలకడగా వాడదలచినవారు 60 జీబీ ఇవ్వడం మేలు. ఈ దశలో కరెంటు పోకూడదు. పార్టిషన్ మారుతుండగా యంత్రం ఆగిపోతే కలిగే నష్టం, ఇంతవరకు చెప్పిన చిక్కులన్నిటికంటే పెద్దది. యూపీఎస్ లేని చోట, వేసవి మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ను రూఫస్, వెంటాయ్ అనే పనిముట్లలో దేనితోనైనా తయారు చేసుకోవచ్చు. దించుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైలు చెక్‌సమ్‌ను (ఫైలు చెడలేదని తెలిపే సంఖ్య) అధికారిక సైట్‌లో ఉన్నదానితో పోల్చి చూసుకోవాలి. ఇన్‌స్టాల్ చేయక ముందే లైవ్‌గా నడిపి వైఫై, సౌండు, ప్రింటరు పనిచేస్తున్నాయా అని పరీక్షించే వెసులుబాటు లినక్స్‌లో ఉంది. ప్రింటరు సంగతి అప్పుడే తేల్చుకోవాలి. విండోస్‌ను ఉంచి దాని పక్కన ఇన్‌స్టాల్ చేయి అనే ఆప్షన్ బాగానే పనిచేస్తుంది, కానీ ఏది ఎక్కడికి వెళ్తున్నదో కళ్లారా చూసుకోవడానికి పార్టిషన్లను స్వయంగా ఎంచుకునే ఆప్షనే నాకు ఇష్టం. అందులో ఖాళీ చోటును ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైళ్ల పద్ధతిలో లినక్స్‌కు కేటాయించాలి, ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌ను ఎంచుకోవాలి గానీ దాన్ని ఫార్మాట్ చేయకూడదు. ఆ ఒక్క టిక్కు పడితే విండోస్ బూట్ ఫైళ్లు పోతాయి. విండోస్ చేసే ఈఎఫ్ఐ పార్టిషన్ తరచుగా 100 ఎంబీ మాత్రమే ఉంటుంది. గ్రబ్‌కు అది చాలు. పాప్ ఓఎస్ లాగా లినక్స్ మూలభాగాలైన కెర్నెళ్లను కూడా అక్కడే పెట్టే లినక్స్ రకాలకు (పంపిణీలకు) చాలదు, అందుకే ఈ పనికి నేను వాటిని సూచించను. కొన్ని లాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలరుకు డిస్కే కనిపించదు. స్టోరేజి కంట్రోలరు ఇంటెల్ ఆర్ఎస్‌టీ పద్ధతిలో ఉండటం దానికి కారణం. బయోస్‌లో దాన్ని ఏహెచ్‌సీఐ అనే పద్ధతికి మార్చాలి, అయితే ముందుగా విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా అమర్చి, ఆ తరువాతే మార్చితే విండోస్ సరైన డ్రైవరును తెచ్చుకొని చెక్కుచెదరకుండా లేస్తుంది.

స్థోమత ఉన్నవారికి నా సలహా వేరు. చిన్న ఎస్ఎస్‌డీని అదనంగా కొని, లినక్స్‌ను పూర్తిగా దాని మీదే పెట్టండి. కుదించడాలు ఉండవు, విండోస్ డిస్కును ముట్టుకోవలసిన పని రాదు. అలా చేసేటప్పుడు ఇన్‌స్టాలేషన్ అయ్యేంతవరకు విండోస్ డిస్కు కేబులును ఊడదీసి ఉంచడం మంచిది. ఉబుంటు, మింట్‌లు చాలాకాలం వాడిన ఇన్‌స్టాలరుకు ఒక అలవాటు ఉంది: బూట్‌లోడరును రెండో డిస్కు మీద పెట్టమని మనం చెప్పినా, మొదటి డిస్కులోని ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనే పెట్టేస్తుంది. ఆ తరువాత విండోస్ డిస్కును తీసివేస్తే లినక్స్ కూడా లేవదు. కేబులు ఊడదీసి ఉంటే దేని బూట్‌లోడరు దాని డిస్కు మీదే ఉంటుంది, ఏ డిస్కు చెడినా రెండోది నడుస్తుంది.

సెక్యూర్ బూట్‌ను ఆపాలా అని తరచుగా అడుగుతారు. ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్‌ల విషయంలో అవసరం లేదు. మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ముందు లేచి, అది గ్రబ్‌ను పరిశీలించి లేపుతుంది. 2012లో లినక్స్ డెవలపరు మాథ్యూ గారెట్ వంటివారి కృషితో ఈ ఏర్పాటు సాధ్యమైంది. అయితే 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్, భద్రతా లోపాలున్న పాత బూట్‌లోడర్లను అడ్డుకునే జాబితాను రెండు వ్యవస్థలున్న యంత్రాల మీద కూడా అమలు చేయడంతో, కొందరికి లినక్స్ లేవకుండా ఎస్‌బ్యాట్ (ఆ జాబితా పేరు) పరీక్ష విఫలమైందన్న సందేశం మాత్రమే కనిపించింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి అప్‌డేట్లు చేసుకొని, మళ్లీ పెట్టుకోవడం దానికి మార్గం. 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరుతుందన్న వార్త చూసి భయపడవలసిన పని కూడా లేదు. ఇదివరకే సంతకమైన బూట్‌లోడర్లు గడువు తీరినంత మాత్రాన ఆగిపోవు. మదర్‌బోర్డు తయారీదారు కొత్త సర్టిఫికెట్లతో బయోస్ అప్‌డేట్ ఇస్తే దాన్ని తీసుకోవడం మేలు.

ఇన్‌స్టాల్ అయ్యాక గ్రబ్ మెనూలో విండోస్ కనిపించకపోతే, 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర వ్యవస్థలను వెతికే ఓఎస్ ప్రోబర్‌ను భద్రత దృష్ట్యా ఆపి ఉంచడమే సాధారణ కారణం. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దాన్ని తిరిగి అనుమతించి, మెనూను మళ్లీ తయారు చేయిస్తే విండోస్ వస్తుంది.

రెండు వ్యవస్థల మధ్య అటూ ఇటూ తిరిగినవారికి మొదట ఎదురయ్యే వింత గడియారం. మదర్‌బోర్డు మీది గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, లినక్స్ అందులో యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం ఉందనుకుంటుంది. మధ్యాహ్నం 2 గంటలకు లినక్స్ నుంచి విండోస్‌లోకి వస్తే అక్కడ ఉదయం 8.30 చూపిస్తుంది, తేడా సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు. విండోస్‌ను ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచినప్పుడు అది తనంతట తాను సరిదిద్దుకోలేదు, ఫైళ్ల తేదీలన్నీ తప్పుగా పడతాయి, ఏది చివరి ప్రూఫో తెలియకుండా పోతుంది. భారతదేశంలో ఏడాది పొడవునా ఒకే సమయం కాబట్టి, లినక్స్‌నే స్థానిక సమయానికి మార్చడం తేలిక, దానివల్ల ఇక్కడ ఇబ్బంది లేదు. అమెరికాలో ఉన్న తెలుగువారు మాత్రం అలా చేయకపోవడం మంచిది. ఏటా రెండుసార్లు గడియారాన్ని గంట జరిపే చోట రెండు వ్యవస్థలూ ఎవరికి వారు జరిపితే తేడా మళ్లీ వస్తుంది. వారు విండోస్ రిజిస్ట్రీలో మార్పు చేసి దాన్నే యూటీసీకి తేవాలి.

ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి డీ డ్రైవు లాంటి ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను ఉమ్మడిగా వాడుకోవచ్చు; 2021లో వచ్చిన 5.15 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనే దానికి పూర్తి డ్రైవరు ఉంది. సీ డ్రైవులోకి లినక్స్ నుంచి ఏమీ రాయకుండా ఉండటం నేను పాటించే నియమం. తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవారు తెలుసుకోవలసిన పరిమితి ఒకటుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 యూనికోడ్ సంకేతాల వరకు ఉండవచ్చు, ఈఎక్స్‌టీ4లో 255 బైట్ల వరకు ఉండవచ్చు. ఆంగ్లంలో రెండూ ఒకటే. లినక్స్ అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఈఎక్స్‌టీ4లో 85 సంకేతాలతోనే చోటు అయిపోతుంది. స్త్రీ అనే ఒక్క అక్షరంలోనే మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం కలిపి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు ఉన్నాయి. పుస్తకం పేరు, రచయిత పేరు, ముద్రణ సంవత్సరం, ప్రూఫు సంఖ్య అన్నీ కలిపి ఫైలుకు పేరు పెట్టే అలవాటున్నవారికి, విండోస్‌లో చక్కగా ఉన్న ఫైలు లినక్స్ హోమ్ ఫోల్డరులోకి కాపీ కాకపోవడానికి కారణం ఇదే. పొడవైన పేర్లను ఫోల్డర్లుగా విడదీస్తే సమస్య తీరుతుంది.

పని విభజన ఇప్పుడు ఇలా సాగుతున్నది. కొత్తగా రాసేవన్నీ లినక్స్‌లో యూనికోడ్‌లోనే రాస్తాము. ఐబస్ అనే టైపింగ్ పనిముట్టుతో ఇన్‌స్క్రిప్ట్ గానీ ఆర్‌టీఎస్ గానీ ఎవరి కీబోర్డు అలవాటు వారు పెట్టుకోవచ్చు. పోతన, వేమన ఫాంట్లు డెబియన్, ఉబుంటుల భాండాగారంలోనే దొరుకుతాయి, సిలికానాంధ్ర విడుదల చేయించిన రామభద్ర, మల్లన్న వంటివి ఉచితంగా దించుకోవచ్చు. పేజ్‌మేకర్ లాగా పేజీలు కూర్చే సాఫ్ట్‌వేరు స్క్రైబస్‌కు 2024లో స్థిరమైన వెర్షన్‌గా వచ్చిన 1.6లో ఒత్తులు, గుణింతాలు సరిగా కూర్చుంటున్నాయి కాబట్టి, కొత్త పుస్తకాలనైనా అందులో చేయడం మొదలుపెట్టాలని నా కోరిక. పాత పుస్తకాల పునర్ముద్రణలు, అను ఫైళ్లే కావాలని పట్టుబట్టే ప్రెస్సుల పనులు విండోస్‌లో జరుగుతాయి. అను ఫైళ్లను తీరిక ఉన్నప్పుడల్లా యూనికోడ్‌లోకి మార్చి దాచుకోవడం ఈ ఏర్పాటులో నేను అన్నిటికంటే ముఖ్యంగా చూసే పని, ఎందుకంటే ఆ విండోస్‌ను నడిపే యంత్రం ఎల్లకాలం ఉండదు.

మెనూ కనిపించకుండా పోయినప్పుడు చేయవలసింది క్లుప్తంగా చెబుతాను. యూఈఎఫ్ఐ యంత్రమైతే ముందు కంప్యూటర్ బూట్ మెనూ తెరిచి ఉబుంటు అనే పేరు ఉందో లేదో చూడండి. ఉంటే దాన్ని ఎంచుకొని లినక్స్‌లోకి వెళ్లి, బయోస్ సెట్టింగుల్లో గానీ, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే లినక్స్ కమాండుతో గానీ క్రమాన్ని సరిచేయండి. లేకపోతే ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే లైవ్‌గా లేచి గ్రబ్‌ను తిరిగి పెట్టవచ్చు. మింట్ లైవ్‌లో బూట్ రిపేర్ అనే పనిముట్టు సిద్ధంగా ఉంటుంది. కొన్ని మదర్‌బోర్డులు ఎన్నిసార్లు సరిచేసినా విండోస్ బూట్ మేనేజరునే పిలుస్తాయి. అలాంటప్పుడు విండోస్‌లో బీసీడీఎడిట్ అనే కమాండుతో ఆ నమోదునే గ్రబ్ వైపు తిప్పవచ్చు. లెగసీ యంత్రమైతే గ్రబ్‌ను మొదటి సెక్టారులో మళ్లీ రాయించడం ఒక్కటే పని. వీటిలో ఏ ఒక్కదానికీ ఫార్మాట్ అవసరం లేదు, ఫార్మాట్ చేయాలని ఎవరైనా అంటే కంప్యూటర్‌ను వారి చేతికి ఇవ్వవద్దు.

లినక్స్ వద్దనుకుని తీసివేసేవారు క్రమం పాటించాలి. లెగసీ యంత్రంలో ముందుగా లినక్స్ పార్టిషన్‌ను తొలగిస్తే, గ్రబ్ తన మిగతా ఫైళ్లు కనిపించక గ్రబ్ రెస్క్యూ అనే నల్లని తెర దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ముందు విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో లేచి, కమాండ్ ప్రాంప్ట్‌లో బూట్‌రెక్ అనే కమాండుతో ఎంబీఆర్‌ను విండోస్‌కు తిరిగి అప్పగించి, ఆ తరువాతే పార్టిషన్ తీసివేయాలి. యూఈఎఫ్ఐలో బూట్ క్రమాన్ని విండోస్ వైపు మార్చి, విండోస్ లేస్తున్నదని నిర్ధారించుకొని, లినక్స్ పార్టిషన్‌ను తొలగించి, చివరగా ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఉబుంటు ఫోల్డరును మాత్రమే తీసివేస్తే సరిపోతుంది.